ఆవిరి గొట్టం మీద అద్దం మెరుగు

థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ నుంచి టర్బైన్‌కు ఆవిరిని చేరవేసే ప్రధాన గొట్టాన్ని కోసి చూడలేం. కోస్తే యూనిట్ ఆగిపోతుంది. కోసినచోట మళ్లీ అతుకు వేస్తే ఆ అతుకే రేపటి బలహీనత అవుతుంది. అయినా ఆ గొట్టం లోహంలో ఏం జరుగుతోందో, దాన్ని ఇంకెన్నేళ్లు నమ్మవచ్చో ఎవరో ఒకరు చెప్పితీరాలి. ఈ చిక్కుకు లోహశాస్త్రం కనిపెట్టిన ఉపాయం పైకి చాలా చిన్నగా కనబడుతుంది. గొట్టం మీద అరచేతిలో సగమంత చోటును మెరుగుపెట్టి, పలచటి ఆమ్లంతో తడిపి, మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు మందం ఉన్న ప్లాస్టిక్ ఫిల్మును దానిమీద అద్ది, ఆరాక ఊడదీయడం. ఆ ఫిల్మునే రెప్లికా అంటారు. ఉక్కు పైతలం మీద ఉన్న ప్రతి గుంటా ఫిల్ము మీద బొడిపె అవుతుంది, ప్రతి మిట్టా పల్లమవుతుంది. గొట్టం ఎక్కడిదక్కడే ఉంటుంది, దాని రూపం మాత్రం సంచిలో పెట్టుకుని ప్రయోగశాలకు వెళ్లిపోవచ్చు.

ఆ పని చేసే చేతుల నేర్పు నాకు ఎంతో గొప్పగా కనబడుతుంది. నివేదికల్లో సూత్రాలకూ గ్రాఫులకూ దక్కే చోటు ఆ చేతులకు దక్కదు. కానీ ఆ సూత్రాలన్నీ నిలబడేది ఎమరీ కాగితం పట్టుకున్న మనిషి ఓపిక మీదే.

ముందు ఉక్కు సంగతి చూద్దాం. ఉక్కు గట్టిదన్న మాట మామూలు ఎండకూ వానకూ సరిపోయేది. 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే చీకట్లో మసక ఎరుపు తేలే వేడి దగ్గర, లోపలి నుంచి ఆవిరి పీడనం రాత్రింబవళ్లు నెడుతూ ఉంటే అదే ఉక్కు మెల్లగా సాగుతుంది. ఈ సాగుడునే క్రీప్ అంటారు. బరువు పెరగదు, వేడి పెరగదు, అయినా సాగుడు ఆగదు. ఏడాదికి ఎంత సాగిందో కొలవాలంటే మైక్రోమీటరు కావాలి. ఇలా సాగుతున్నన్నాళ్లూ లోపల ఇంకో పని జరుగుతుంటుంది. ఉక్కు అసంఖ్యాకమైన రేణువుల కూర్పు. రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న సరిహద్దుల్లో, ముఖ్యంగా లాగుతున్న బలానికి అడ్డంగా ఉన్న సరిహద్దుల్లో, కార్బైడ్ కణాల పక్కన అతి చిన్న ఖాళీలు పుడతాయి. ఒక్కొక్కటి ఒక మైక్రాన్ అటూ ఇటూ, వెంట్రుక మందంలో డెబ్భయ్యో వంతు. ఏళ్లు గడిచేకొద్దీ అవి పెరుగుతాయి, వరసకడతాయి, ఒకదాన్నొకటి కలుసుకుని సన్న పగులవుతాయి. సన్న పగుళ్లు కలిసి పెద్ద పగులు అవుతాయి. గొట్టం పేలే రోజుకు ముందు చాలా ఏళ్లపాటు ఈ కథ సూక్ష్మదర్శినికి మాత్రమే కనబడుతుంది.

ఇందులో వేడి పాత్ర ఎంతో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 1952లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తున్న లార్సన్, మిల్లర్ అనే ఇద్దరు వేడినీ కాలాన్నీ ఒకే సంఖ్యలో ముడివేసే సూత్రాన్ని ప్రకటించారు. దాని ప్రకారం 540 డిగ్రీల దగ్గర లక్ష గంటలు నిలిచే ఉక్కును 550 దగ్గర నడిపితే దాదాపు 50 వేల గంటలకే అదే స్థితికి వస్తుంది. పది డిగ్రీలకు ఆయుష్షు సగమైపోతుంది! కంట్రోల్ రూములో ఒక ముల్లు కొద్దిగా అటు జరిగితే ఎంత నష్టమో ఈ సంఖ్య చూశాకే తెలిసివస్తుంది.

ఈ తరగతి గొట్టాలను రూపొందించినవాళ్లు చాలాచోట్ల లక్ష గంటలను దృష్టిలో పెట్టుకునే లెక్కలు వేశారు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి, ఒక్క గంట కూడా ఆగకుండా నడిస్తే అది సుమారు పదకొండేళ్ల అయిదు నెలలు. ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్‌లో 391ఎ నిబంధన ఇందుకోసమే ఉంది: 400 డిగ్రీలు, ఆపైన పనిచేసే భాగాలు లక్ష గంటలు పూర్తిచేశాక వాటిని పాడుచెయ్యని పరీక్షలతో పరిశీలించి మిగిలిన ఆయుష్షు తేల్చాలి. ప్లాంట్లలో ఈ పనిని అందరూ ఆర్‌ఎల్‌ఏ అంటారు. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. 1990లు ముగిసేలోపే అలాంటి యూనిట్లు ఈ గీత దాటాయి. ఆ తర్వాత నడిచిన ప్రతి గంటా రూపకర్తల హామీకి అవతలి గంట, పరీక్షించినవాళ్ల మాట మీద నడిచిన గంట.

ఆ మాట తప్పితే ఏమవుతుందో 1985 జూన్‌లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో తెలిసింది. మొహావీ విద్యుత్ కేంద్రంలో మళ్లీ వేడిచేసిన ఆవిరిని టర్బైన్‌కు చేర్చే హాట్ రీహీట్ గొట్టం పొడవాటి అతుకు వెంట చీలిపోయి ఆరుగురు చనిపోయారు. క్రోమియం, మాలిబ్డినం కొద్దికొద్దిగా కలిసిన ఉక్కు పలకను గుండ్రంగా వంచి, నిలువునా వెల్డు చేసిన గొట్టం అది. ఎక్కువ భారం మోసే దిశకు అడ్డంగా సరిగ్గా ఆ అతుకు ఉండడం అలాంటి గొట్టాల పుట్టు బలహీనత. మరుసటి ఏడాది మిషిగన్‌లోని మన్రో కేంద్రంలోనూ అలాంటి గొట్టమే చీలింది. ఆ రెండు ఘటనల తర్వాత అతుకులను వెతికి వెతికి పరీక్షించడం ఆ రంగంలో అలవాటుగా మారింది.

ఇక అసలు పని దగ్గరికి వద్దాం. ఓవర్‌హాలింగ్ కోసం యూనిట్ ఆపాక, గొట్టం చల్లారాక, మంచె కట్టి, వేడి పోకుండా గొట్టానికి చుట్టిన లాగింగ్ విప్పుతారు. ఎక్కడ చూడాలన్నదే మొదటి నేర్పు. మైళ్లకొద్దీ లోహంలో అరచేతి సగమంత చోటు ఎంచుకోవాలి. వంపుల్లో బయటివైపు, ఎందుకంటే వంచినప్పుడు అక్కడ గోడ పలచనవుతుంది. చిన్న గొట్టాలన్నీ కలిసే పెద్ద గొట్టాన్ని హెడ్డరంటారు, దానికి అవి అతికిన చోట్లు. అన్నిటికంటే ముఖ్యంగా వెల్డు పక్కనే, వెల్డింగు వేడికి మాడి, కరగకుండా మారిపోయిన సన్నటి పట్టీ. క్రీప్ దెబ్బ మొదట ఆ పట్టీలోనే కనబడుతుంది. అందుకే మెరుగుపెట్టిన చోటులో వెల్డూ, పట్టీ, పక్కనున్న మూల లోహం మూడూ పడాలి. పది మిల్లీమీటర్లు పక్కకు జరిగితే చూడాల్సింది తప్పిపోతుంది.

గ్రైండరుతో మొదట పైతుప్పు తీస్తారు. ఇక్కడే మొదటి ఉచ్చు ఉంది. ఏళ్ల తరబడి వేడిలో ఉన్న గొట్టం బయటి పొరలోంచి కర్బనం ఎగిరిపోయి ఉంటుంది. ఆ పొర లోతు మిల్లీమీటరులో కొన్ని వంతులే. దాన్ని పూర్తిగా తీయకుండా మెరుగుపెడితే, ఫిల్ము మీద కర్బనం లేని ఉక్కు కనబడి, చదివేవాడు గొట్టం బాగా ముసలిదైపోయిందనుకుంటాడు. మరీ లోతుగా తీస్తే గోడ మందం తగ్గుతుంది. గట్టిగా అదిమి తీస్తే రాపిడి వేడికి తలం నీలమెక్కి, లోహం నిర్మాణమే మారుతుంది. చెయ్యి తిరిగినవాడు గ్రైండరును ఎంత తేలిగ్గా ఆనిస్తాడో చూసి తీరాలి. నిప్పురవ్వలు తక్కువ, శబ్దం సమంగా ఉంటుంది, మధ్యమధ్యలో ఆపి వేలితో తడిమి చూస్తాడు.

తర్వాత ఎమరీ కాగితాలు. 120 నెంబరు, 220, 400, 600, ఇంకా సన్నవి. ఒక కాగితంతో ఒకే దిశలో రుద్ది, తర్వాతి కాగితంతో దానికి అడ్డంగా రుద్దుతారు. ముందటి గీతలన్నీ చెరిగేదాకా కాగితం మార్చరు. తొందరపడి ఒక నెంబరు దాటేస్తే లోతు గీత ఒకటి మిగిలిపోయి, చివర్లో ఎంత పాలిష్ చేసినా పోదు. సూక్ష్మదర్శిని కింద అది పగులులా భ్రమ పెడుతుంది. గీతలు పోయాక డైమండ్ పేస్టు, ముందు ఆరు మైక్రాన్లది, తర్వాత మూడు, ఆఖరున ఒకటి. ప్రయోగశాలలో ఇదే పని బల్లమీద, తిరిగే చక్రం మీద, కూర్చుని చేస్తారు. ఇక్కడ గొట్టం కిందివైపు కూడా చెయ్యాలి. గడియారం ముల్లు ఆరు దగ్గరున్నట్టు ఊహించుకోండి. మంచె మీద వెల్లకిలా ఒరిగి, చెయ్యి పైకెత్తి, పేస్టు మొహం మీద పడకుండా, ఒత్తిడి ఒక్కలా ఉంచుతూ చేసే పని అది.

మెరుగు వచ్చాక నైటాల్ పెడతారు. ఆల్కహాల్‌లో కొద్ది శాతం నత్రికామ్లం కలిపిన ద్రావణమిది. దూది తడిపి కొన్ని సెకన్లు అద్దగానే మెరుపు మసకబారి, రేణువుల హద్దులు తేలతాయి. చూసేవాళ్లు పని అయిపోయిందనుకుంటారు. నిజమైన పని అప్పుడే మొదలవుతుంది.

కారణం ఏమిటంటే, రుద్దుడు అనేది కోయడమే కాదు, పామడం కూడా. ఎమరీ గింజ కిందనున్న లోహాన్ని సన్న పొరలా పక్కకు నెట్టి మైక్రాన్ పాటి ఖాళీల మీద మూతలా పరుస్తుంది. ఒక్కసారి మెరుగుపెట్టి, ఒక్కసారి ఆమ్లం పెట్టి రెప్లికా తీస్తే, దెబ్బతిన్న ఉక్కు కూడా ఆరోగ్యంగా కనబడుతుంది. అందుకే మళ్లీ పాలిష్, మళ్లీ ఆమ్లం, మళ్లీ పాలిష్. కనీసం మూడుసార్లయినా తిప్పాలని మంచి విధానపత్రాలు చెబుతాయి. ప్రతి చుట్టులోనూ ఆమ్లం ఆ పామిన లోహపు పొరను కొంత తినేస్తుంది, తర్వాతి పాలిష్ మిగిలినదాన్ని తేలిగ్గా తీస్తుంది, మూతలు క్రమంగా తెరుచుకుంటాయి. ఇంకోవైపు ఆమ్లం ఎక్కువసేపు ఉంచితే సరిహద్దుల్లోని కార్బైడ్ కణాలు ఊడి రాలిపోతాయి. అవి రాలినచోట మిగిలే గుంటలు అచ్చం క్రీప్ ఖాళీల్లాగే ఉంటాయి. అప్పుడు బాగున్న గొట్టం జబ్బుపడినట్టు నివేదికకెక్కుతుంది.

నా దృష్టిలో ఈ విద్య మొత్తం ఈ రెండు తప్పుల మధ్యనున్న సన్న సందులో ఉంది. ఉన్న రంధ్రాన్ని పూడ్చకూడదు, లేని రంధ్రాన్ని పుట్టించకూడదు. ఏ పరికరమూ ఇక్కడ ఆగమని చెప్పదు. చేత్తో పట్టుకునే చిన్న సూక్ష్మదర్శినిని గొట్టానికి ఆనించి చూసి, హద్దులు పలచగా, శుభ్రంగా, నల్లగా ఉబ్బకుండా వచ్చాయా లేదా అని తేల్చుకోవాలి. బాగోకపోతే డైమండ్ పేస్టు దగ్గరికి వెనక్కి వెళ్లాలి. షట్‌డౌన్ గడువు తరుముతున్నా, కింద నుంచి అయిందా అని అడుగుతున్నా వెనక్కి వెళ్లేవాడే ఈ పనిలో నిజమైన పనివాడు.

ఫిల్ము అద్దడం క్షణాల పని, కానీ అదీ తేలిక కాదు. సెల్యులోజ్ అసిటేట్ ముక్క ఒకవైపు అసిటోన్‌తో తడిపితే మెత్తబడుతుంది. ఒక అంచు నుంచి మొదలుపెట్టి, గాలి బుడగ చిక్కకుండా వేలితో ఒత్తుకుంటూ వెళ్లాలి. గొట్టం ఇంకా వేడిగా ఉంటే ఫిల్ము మెత్తబడేలోపే అసిటోన్ ఆవిరైపోతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఫిల్ము పాలలా తెల్లబడుతుంది. మొదటి ముక్కను చాలామంది పారేస్తారు. అది తలం మీది దుమ్మునూ పేస్టు అవశేషాల్నీ పట్టుకుని తనతో తీసుకుపోతుంది. రెండో ముక్క, మూడో ముక్క అసలైనవి. ఆరాక నిదానంగా ఒలిచి, గాజు పలకకు సమంగా అతికించి, వెనకవైపు నల్లరంగు పూస్తారు, లేదా సన్నటి బంగారు పొర ఎక్కిస్తారు. అప్పుడు కాంతి తిరిగివచ్చి చిత్రం తేటగా కనబడుతుంది.

ఇప్పుడు చదవడం. బొడిపెలుగా కనబడేవి ఉక్కులో ఖాళీలు, కాబట్టి అనుభవం ఉన్న కన్ను ఫోకస్ మరను కాస్త పైకీ కిందికీ తిప్పుతుంది. వెలుగు నీడలు మారే తీరును బట్టి ఏది గుంట, ఏది కణం అన్నది తెలుస్తుంది. 1983లో జర్మనీకి చెందిన నాయ్‌బావర్, వీడెల్ ఇలాంటి చిత్రాలకు ఒక వరస ఏర్పరచారు. విడివిడిగా ఉన్న ఖాళీలు, ఒకే దిశలో వరసకట్టిన ఖాళీలు, సూక్ష్మమైన పగుళ్లు, పెద్ద పగుళ్లు. మొదటిదానికి కనిపెట్టుకుని ఉండమన్నారు, రెండోదానికి పరీక్షల గడువు ఖరారు చేసుకోమన్నారు, మూడోదానికి మరమ్మతు దాకా పరిమితంగా నడపమన్నారు, నాలుగోదానికి వెంటనే మరమ్మతు చెయ్యమన్నారు. ఇంత సాదా వరస నాలుగు దశాబ్దాలుగా ఎలా నిలబడిందంటే, అది లోహంలో నిజంగా జరిగే క్రమాన్నే అనుసరించింది కాబట్టి.

ఈ వరసలో నాకు బాగా నచ్చేది దిశ. గొట్టంలోపలి పీడనం ఉక్కును చుట్టుకొలత వెంట లాగుతుంది. ఆ బలమే కారణమైతే ఖాళీలు గొట్టం పొడవు వెంట సాగే సరిహద్దుల్లో వరసకడతాయి. అలా కాక, గుండ్రటి అతుకు చుట్టూ వరసకట్టి కనబడితే గొట్టాన్ని పొడవునా ఏదో లాగుతోందన్నమాట. అప్పుడు మంచి పరీక్షకుడు సూక్ష్మదర్శిని వదిలి తల పైకెత్తి హ్యాంగర్లను చూస్తాడు. గొట్టం బరువు మోసే స్ప్రింగు ఏదైనా బిగుసుకుపోయిందా, వేడికి సాగాల్సిన గొట్టం ఎక్కడైనా ఇరుక్కుందా? మైక్రాన్ పాటి ఖాళీల వరస చూసి టన్నుల బరువు మోసే కొక్కెం దగ్గరికి వెళ్లగలగడం ఎంత అందమైన ఆలోచన!

ఇక్కడ వయసు వేరు, దెబ్బ వేరు అని గట్టిగా చెప్పాలి. చాలా నివేదికల్లో ఈ రెండూ కలిసిపోయి కనబడతాయి. కొత్త ఉక్కులో పెర్లైట్ అనే భాగం కార్బైడ్, ఇనుము పొరలు పొరలుగా పేర్చినట్టుంటుంది. ఏళ్ల వేడికి ఆ పొరలు తెగి, గుండ్రటి కణాలై, రేణువుల హద్దుల దగ్గరకు చేరతాయి. బ్రిటన్‌లో టాఫ్ట్, మార్స్‌డెన్ 1961లోనే ఈ మార్పుకు ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు అంచెలు గుర్తించారు. ఇది వయసు. ఉక్కు కొంత మెత్తబడిందని, ఎంత వేడి ఎంతకాలం చూసిందో చెబుతుంది. కానీ ఖాళీ ఒక్కటీ లేకుండా ఆఖరి అంచెకు చేరిన గొట్టం ఉండవచ్చు, పొరలు ఇంకా నిలిచి ఉండగానే వెల్డు పక్కన ఖాళీలు వరసకట్టిన గొట్టమూ ఉండవచ్చు. మొదటిదాన్ని చూసి భయపడి మార్చేయడం డబ్బు వృథా, రెండోదాన్ని చూసి పొరలు బాగున్నాయని వదిలేయడం ప్రమాదం.

వేడి చరిత్రకు ఇంకో సాక్షి బాయిలర్ ట్యూబుల లోపల ఉంటుంది. ఆవిరి తగిలేవైపు ఉక్కు మీద ఆక్సైడ్ పొర కాలంతోపాటు, వేడితోపాటు మందమవుతుంది. బయటి నుంచి అల్ట్రాసోనిక్ ప్రోబ్‌తో ఆ మందం కొలిచి, నడిచిన గంటలు తెలిస్తే, ట్యూబ్ సగటున ఎంత వేడిలో బతికిందో వెనక్కి లెక్కగట్టవచ్చు. థర్మోకపుల్ లేనిచోట కూడా ట్యూబే తన ఉష్ణోగ్రతను రాసిపెట్టుకున్నట్టు.

ఈ నేర్పుకు హద్దులూ ఉన్నాయి. రెప్లికా పైతలాన్నే చూస్తుంది. మొహావీ లాంటి పొడవాటి అతుకుల్లో దెబ్బ చాలాసార్లు గోడ మందం మధ్యలో మొదలవుతుంది, అక్కడ అల్ట్రాసోనిక్ తప్ప దారి లేదు. కొత్త తరం ఉక్కు పీ91 సంగతి మరీ కష్టం. తొమ్మిది శాతం క్రోమియం, ఒక శాతం మాలిబ్డినం, కాస్త వనేడియం, నయోబియం కలిసిన ఈ ఉక్కు అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో రూపుదిద్దుకుంది. కృష్ణపట్నంలో ఉన్నటువంటి 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్లు ఈ జాతి ఉక్కుల మీదే ఆధారపడతాయి. దీనిలో పెర్లైట్ లేదు, చదవడానికి పొరలు లేవు. వెల్డు పట్టీలో బయటివైపు అంచున, సన్నటి రేణువుల భాగంలో వచ్చే పగుళ్లను నాలుగో తరగతి పగుళ్లంటారు. వాటికి ముందొచ్చే ఖాళీలు తరచుగా తలం కింద పుట్టి, పైకి ఏమీ తెలియనివ్వకుండా పెరుగుతాయి. పాత ఉక్కుకు నాయ్‌బావర్, వీడెల్ ఇచ్చిన వ్యవధి ఇక్కడ దొరకదు. పైగా ఈ ఉక్కు బలమంతా తయారీలో ఇచ్చిన వేడి చికిత్స మీద ఉంది. అది తప్పితే గొట్టం పుట్టినరోజు నుంచే మెత్తగా ఉంటుంది. అందుకే రెప్లికా తీసే చోటనే కాఠిన్యం కూడా కొలుస్తారు. బ్రినెల్ 190 కన్నా దిగువకు పడితే అనుమానించాల్సిందే. అక్కడ కూడా పైపొర సరిగ్గా తీయకపోతే తక్కువ అంకె వచ్చి, మంచి గొట్టానికి చెడ్డపేరు వస్తుంది. కథ మళ్లీ గ్రైండర్ పట్టుకున్న చేతి దగ్గరికే వస్తుంది.

పనంతా అయ్యాక ఒక పనివాడు ఎంత మంచివాడో తెలిసేది అతను రాసిపెట్టే నాలుగు మాటల్లో. ఏ లైను, ఎన్నో అతుకు, ఆవిరి వెళ్లే దిశకు ఎదురుగా నిలబడితే గడియారంలో ఎన్ని గంటల దగ్గర, వెల్డు అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్లు, ఎంత లోతు తీశాం, ఎన్నిసార్లు ఆమ్లం పెట్టాం. ఇవి గాజు పలక మీదా, డ్రాయింగు మీదా, కుదిరితే గొట్టం మీది గుర్తులోనూ ఉండాలి. రెప్లికా ఒక్కటే చూస్తే ఈ రోజు స్థితి మాత్రమే తెలుస్తుంది. విడి ఖాళీలు కనబడిన చోట ఆరేళ్ల కిందట కూడా అన్నే ఉంటే ఆ గొట్టాన్ని ధైర్యంగా తర్వాతి ఓవర్‌హాలింగ్ దాకా నడపవచ్చు. ఆరేళ్ల కిందట అదే చోటు శుభ్రంగా ఉండి ఇప్పుడు ఖాళీలు పుట్టాయంటే గడువు తగ్గించాలి, ఆవిరి వేడి రికార్డులు తిరగేయాలి, హ్యాంగర్లు చూడాలి. రెండుచోట్లా ఫిల్ము మీద చిత్రం ఒకటే, తీసుకోవాల్సిన నిర్ణయాలు వేరు. ఆ తేడా చెప్పగలిగేది ఆరేళ్ల కిందట అదే చోట, అదే లోతున, అదే శ్రద్ధతో తీసి, పేరు రాసి భద్రపరిచిన పాత పలక ఒక్కటే.